కథ రాసేవారి ప్రశ్నలు: సొంత అనుభవం కథలో ఎంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల, వాటిలో నాలుగింటిని ఎంచుకొని ఒకచోట పెట్టాను. పేర్లు వేయవద్దని ఇద్దరు కోరారు కనుక అందరి పేర్లూ తీసివేసి, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా నాన్నగారు కిందటి సంవత్సరం కాలం చేశారు. ముప్పై ఏళ్ళు హైస్కూలులో లెక్కలు చెప్పిన మనిషి. చివరి నాలుగు నెలలు మంచం మీదనే ఉన్నారు, నేనే దగ్గరుండి చూసుకున్నాను. మాత్రల అట్ట వెనక ఎన్ని వాడారో, ఎన్ని మిగిలాయో పెన్సిలుతో రాసుకునేవారు. చివరి వారంలో ఆ కూడికలు తప్పడం మొదలైంది. ఆ నాలుగు నెలల గురించి ఒక కథ రాశాను. రాస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. ఒక వారపత్రికకు పంపితే 'దుఃఖం ఉంది, కథ లేదు' అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. నిజంగా జరిగినదాన్ని కథ కాదంటే ఎలాగండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, తండ్రిని పోగొట్టుకున్న మనిషికి ఒక్క వాక్యంతో జవాబు పంపడం నాకు నచ్చలేదు. అయితే మీరు ఉత్తరంతో జతచేసిన కథను రెండుసార్లు చదివిన తరువాత, ఆ సంపాదకుడి మాటలో తప్పు లేదని కూడా అనిపించింది. మీ పదకొండు పేజీలలో దుఃఖం, బాధ, వేదన, శోకం, ఆవేదన అనే మాటలు అన్నీ కలిపి ముప్పై నాలుగు ఉన్నాయి. పెన్సిలు పట్టుకొని లెక్కపెట్టాను. నాన్నగారు మాత్రం అందులో లేరు. ఆయన మంచివారని మీరు చెప్పారు, ఆయన బాధపడ్డారని చెప్పారు, మీరు అంతకంటే ఎక్కువ బాధపడ్డారని చెప్పారు. లెక్కల మాస్టారు మాత్రల అట్ట వెనక కూడికలు రాసుకునేవారన్న సంగతి, ఆ కూడికలు తప్పడం మొదలైందన్న సంగతి కథలో ఎక్కడా లేదు. అది నాకు రాసిన ఉత్తరంలో ఉంది. ఉత్తరం రాసేటప్పుడు మీరు నన్ను ఏడిపించాలని అనుకోలేదు, అందువల్లనే ఆ అట్ట మీ కలంలోకి దానంతట అదే వచ్చింది.

ఈ విషయాన్ని మనవాళ్ళు చాలా కాలం కిందటే గట్టిగా తర్కించారు. క్రౌంచపక్షుల జంటలో మగపక్షిని బోయవాడు కొట్టినప్పుడు వాల్మీకి శోకమే శ్లోకమయిందని రామాయణంలోనే ఉంది. దానిని చదివిన మనమందరం, కవికి కలిగిన బాధ ఏ మార్పూ లేకుండా పద్యమయిందని అనుకుంటాము. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో ఉండిన అభినవగుప్తుడు, ఆనందవర్ధనుడు కావ్యాల గురించి రాసిన ధ్వన్యాలోకమనే శాస్త్రగ్రంథానికి లోచనమనే వ్యాఖ్య రాస్తూ ఇక్కడ ఆగి, దీనిని మునికి కలిగిన సొంత దుఃఖమని అనుకోవద్దన్నాడు. ముని నిజంగా దుఃఖంలో మునిగిపోయి ఉంటే శ్లోకం చెప్పే స్థితిలోనే ఉండడని ఆయన వాదన. దుఃఖం అనుభవిస్తున్నవాడికి దుఃఖమే ఉంటుంది. దానిని కాస్త అవతల పెట్టి, పక్షిదిగా, ఎవరిదైనా కాగలిగినదిగా చూడగలిగినప్పుడే అది రసమవుతుంది, అంటే చదివేవాడు ఆస్వాదించగలిగిన అనుభూతి అవుతుంది. అలంకారశాస్త్రం చదివినవారు దీనికి సాధారణీకరణమని పేరు పెట్టారు. పేరు బరువుగా ఉంది గానీ విషయం తేలికే: 'మా నాన్న' అన్నది చదివేవాడికి 'మా నాన్న'గా వినిపించాలి.

అది ఎలా జరుగుతుందో కూడా ఆ శాస్త్రమే చెప్పింది. భావాన్ని పేరు పెట్టి పిలిస్తే రసం పుట్టదు. భావానికి కారణమైన వస్తువులు, మనుషులు, పరిసరాలు, ఆ భావం వల్ల మనిషి చేసే పనులు కనిపించాలి. శరీరంలో తమంతట తామే పుట్టే మార్పులను నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిదిగా లెక్కపెట్టాడు: కొయ్యబారిపోవడం, చెమటపట్టడం, గగుర్పొడవడం, గొంతు మారడం, వణకడం, రంగు మారడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. ఎనిమిదింటిలో కన్నీళ్ళు ఒకటి మాత్రమే. మన పత్రికల కథలలో మిగిలిన ఏడింటికీ ఉద్యోగం ఊడి, కన్నీళ్ళొక్కటే ఓవర్‌టైము చేస్తోందని నేను ఎప్పుడూ విసుక్కుంటూ ఉంటాను. మీ కథలోనూ అంతే. నాన్నగారి కూడిక తప్పిందని మొదటిసారి చూసినప్పుడు మీ చెయ్యి ఏం చేసిందో ఆలోచించండి. పెన్సిలు తీసుకొని దిద్దారా? చూడనట్టు అట్టను తిరగేసి పెట్టారా? ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కలను ఎర్రసిరాతో దిద్దిన మనిషి లెక్కను దిద్దవలసి వచ్చిన కూతురు ఏం చేసిందన్నదే మీ కథ అని నాకు తోస్తోంది. ఆ ఒక్క పగటిపూట చాలు, నాలుగు నెలలు అక్కరలేదు.

ఇక 'ఒక్క అబద్ధం కూడా లేదు' అన్న మాట. దీనిని కథకు ప్రమాణపత్రంగా చాలామంది జతచేస్తారు. పాఠకుడికి ఆ పత్రంతో పని లేదు. జరిగినదాన్ని జరిగిన వరుసలో, వచ్చిన చుట్టాలందరితో సహా చెబితే అది పరామర్శకు వచ్చినవారికి చెప్పే వృత్తాంతం అవుతుంది. దాని విలువ దానికి ఉంది, నేను తీసివేయడం లేదు. కానీ పరామర్శకు వచ్చినవాడికి మీరు ముందే తెలుసు, పాఠకుడికి తెలియదు.

నా సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ పోయినప్పుడు పదకొండో రోజు భోజనాలకు రెండు వందల విస్తళ్ళు చెబితే నూట అరవై వచ్చాయి. ఆ నలభై విస్తళ్ళ కోసం, తెచ్చిన కుర్రవాడి మీద నేను నడివీధిలో నిలబడి అరిచాను. ఆ పగలంతా నాకు అమ్మ గుర్తుకు రాలేదు, విస్తళ్ళే గుర్తున్నాయి. రాత్రి పడుకున్నాక సిగ్గు వేసింది. తరువాత కొన్నేళ్ళపాటు తల్లి చావు మీద మూడు నాలుగు కథలు రాశాను, అన్నింటిలోనూ కొడుకు ఎంతో హుందాగా దుఃఖించాడు, ఒక్కటీ నిలబడలేదు. తొమ్మిదేళ్ళకు వేరే కథ రాస్తూ, కూతురి పెళ్ళిలో కుర్చీలు తక్కువ వచ్చాయని షామియానా వాడి మీద విరుచుకుపడే ఒక తండ్రికి నా ఆనాటి కోపాన్ని ఇచ్చాను. అందులో చావు లేదు, మా అమ్మ లేదు, విస్తళ్ళు లేవు. అయినా ఆ తండ్రి కూతురిని పంపలేక అరుస్తున్నాడని చదివినవారందరూ గ్రహించారు. నేను కథలో ఆ మాట ఎక్కడా రాయలేదు. అనుభవం నుంచి తీసుకోవలసినది సంఘటనను కాదని, అందులో మనం దాచిపెట్టుకున్న భావాన్ని అని నాకు అప్పుడు తెలిసింది. ఆ భావం మనం నలుగురిలో చెప్పుకోగలిగిన రకం సాధారణంగా కాదు. ఆ నాలుగు నెలలలో మీకు ఒక్కసారైనా విసుగు పుట్టి ఉంటుంది, ఎప్పుడు తెములుతుందా అని ఒక్క క్షణమైనా అనుకొని ఉంటారు. అనుకోలేదంటే నేను నమ్ముతాను గానీ, అనుకొని ఉంటే దానిని కథలో నుంచి తీసివేయకండి.

ఇప్పటికిప్పుడు తిరగరాయనక్కరలేదు. సంవత్సరం గడువు చాలా చిన్నది. అట్ట ఇంకా ఇంట్లో ఉంటే జాగ్రత్తపెట్టండి.

ప్రశ్న: మా బాపుకూ మా చిన్నాయనకూ భూమి పంపకాల తగాదా ఇరవై ఏళ్ళు కోర్టులో నడిచింది. వాయిదా రోజున ఇద్దరూ ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో తిరిగి వచ్చేవారు, టికెట్టు మాత్రం ఎవరిది వారే తీసుకునేవారు. బాపు ఇప్పుడు లేరు, చిన్నాయన ఉన్నారు. ఈ తగాదాను కథగా రాశాను. పేర్లు, ఊరి పేరు మార్చాను. అయినా మా అక్క చదివి, 'చిన్నాయన చూసిండంటే మళ్ళ గడప తొక్కనియ్యడు' అన్నది. అచ్చుకు ఇవ్వవచ్చునా? ఎంత మార్చితే చాలు?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పేరు మార్చడం అన్నింటికంటే బలహీనమైన మారువేషం. పల్లెలో మనిషిని పేరుతో ఎవరు గుర్తుపడతారు? ఊతపదంతో, నడకతో, కండువా వేసుకునే తీరుతో, ఇంటి ముందు చెట్టుతో గుర్తుపడతారు. మీ కథలో చిన్నాయన ప్రతి మూడో మాటకూ అనే ఊతపదాన్ని అలాగే ఉంచి పేరు మార్చారు. మీ అక్కగారు రెండో పేజీలోనే పట్టుకొని ఉంటారు.

మార్చవలసినవి వేరు. అన్నదమ్ములను అక్కాచెల్లెళ్ళను చేసి చూడండి. భూమిని తీసివేసి ఇద్దరికీ కలిపి ఉన్న బావిని గానీ, తండ్రి వదిలిపోయిన బియ్యం మిల్లును గానీ పెట్టి చూడండి. ఇలా మార్చేటప్పుడు ఏది చెక్కుచెదరకుండా నిలుస్తుందో అదే మీ కథకు ముడి. మీ ఉత్తరంలో అది బస్సు. ఇరవై ఏళ్ళు ఒకరిమీద ఒకరు దావా నడుపుతూ ఒకే బస్సులో ప్రయాణం చేసి, టికెట్టు మాత్రం విడిగా తీసుకున్న ఇద్దరు మనుషులు. ఎవరైనా ఒకరు చిల్లర లేక తడుముకున్న రోజున ఏం జరిగి ఉంటుంది? కండక్టరు ఏం చూశాడు? మీ కథలో బస్సు రెండే వాక్యాలలో వచ్చి పోయింది, కోర్టు తొమ్మిది పేజీలు ఉంది. కోర్టు గురించి వకీళ్ళు రాయగలరు. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు కోర్టునూ పోలీసునూ బోనులో నిలబడిన పేదవాళ్ళనూ రాసినంత లోతుగా, బయటి బల్ల మీద కూర్చున్న మీరూ నేనూ రాయలేము. బస్సు మాత్రం మీది.

మరొక ఇబ్బంది ఉంది. మీ కథలో చిన్నాయనకు ఒక్క మంచి గుణం కూడా లేదు. ఇది కథ మీద మీకున్న పట్టు కాదు, మీ మీద ఆ తగాదాకు ఉన్న పట్టు. ఆయన నోటితో ఒక పేజీ రాయండి, ఆ పేజీలో న్యాయం ఆయన వైపే ఉండాలి. రాయలేకపోతే కథ ఇంకా పండలేదని లెక్క. రాయగలిగితే ఆ పేజీని కథలో పెట్టకపోయినా ఫరవాలేదు, మిగిలిన పేజీల స్వరం దానంతట అదే మారుతుంది.

చట్టం సంగతి మీరు అడగలేదు గానీ చెప్పడం మంచిది. పాత శిక్షాస్మృతిలో 499వ సెక్షనుగా ఉన్న పరువునష్టం నేరం, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షనులో ఉంది. పేరు రాయకపోయినా, ఫలానావాడేనని తెలిసినవారు పోల్చుకోగలిగితే చిక్కే. 'పాత్రలన్నీ కల్పితాలు' అని పైన ఒక వాక్యం వేసినంత మాత్రాన రక్షణ దొరకదు. 'నిజమే కదా రాశాను' అన్నది కూడా పూర్తి సమాధానం కాదు. అది నిజమై, దానిని చెప్పడం ప్రజల మేలు కోసమై ఉండాలన్నది చట్టంలోని మినహాయింపు. చనిపోయినవారి గురించి రాసినా, బతికి ఉంటే వారి పరువుకు భంగం కలిగించేదై, వారి కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాసినదైతే ఈ సెక్షను వర్తిస్తుంది. మీ చిన్నాయన మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కుతారని నేను అనను, ఇరవై ఏళ్ళు ఎక్కి అలసిపోయి ఉంటారు. కానీ మీ అక్కగారు చెప్పిన గడప మాట చట్టం కంటే బరువైనది. ఇప్పుడున్న రూపంలో ఈ కథను అచ్చుకు ఇవ్వవద్దనే నా అభిప్రాయం. బస్సు కథ రాస్తే మాత్రం, దానిని చిన్నాయనకే ముందు చదివి వినిపించగలిగే రోజు రావచ్చు.

ప్రశ్న: అమెరికాకు వచ్చి పద్నాలుగేళ్ళయింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కథలు రాయాలని చిన్నప్పటి నుంచి కోరిక. ఊరి మీద రాస్తే పాత జ్ఞాపకాలు నెమరువేస్తున్నాడంటారు. ఇక్కడి మీద రాద్దామంటే మా జీవితంలో ఏముంది? ఆకలి తెలియదు, ఉద్యమాలు తెలియవు. అనుభవం లేనివాడు కథ రాయకూడదా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, మరో యజమానిని వెతుక్కోవడానికి గానీ మరో దారి చూసుకోవడానికి గానీ ఎక్కువలో ఎక్కువ 60 రోజులు ఉంటాయి. మీకైనా, మీ పక్క ఇంటివారికైనా ఆ 60 రోజులు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటాయి. ఆ సమయంలోనే ఊరి నుంచి తల్లిదండ్రులు ఆరు నెలలకు వచ్చి ఉన్నారనుకోండి. తండ్రికి అక్కడ కాలు నిలవదు, కారు లేకుండా కూరలకు కూడా పోలేడు, ఎప్పుడు తిరిగిపోదామా అని గోడమీది క్యాలెండరులో రోజులు కొట్టివేస్తూ ఉంటాడు. కొడుకు కూడా రోజులు లెక్కపెడుతూ ఉంటాడు, కానీ క్యాలెండరు మీద గీత పెట్టలేడు. ఒకే ఇంట్లో రెండు లెక్కలు. ఇందులో ఏముందని అడుగుతున్నారు మీరు.

అనుభవం లేదనేవారికి సాధారణంగా లోపించేది అనుభవం కాదు. దానిని అనుభవమని ఒప్పుకొనే ధైర్యం. మన కథాసాహిత్యంలో పేదరికానికీ పోరాటానికీ దక్కిన గౌరవం సరైనదే, దానిని చూసి మిగిలినవారు తమ భయాలను చిన్నబుచ్చుకోవడం మాత్రం సరి కాదు. ఇమ్మిగ్రేషను అధికారి పాస్‌పోర్టును పేజీ పేజీ తిప్పుతున్నప్పుడు అరచేతిలో పట్టిన చెమట, కౌలుకాగితం పట్టుకొని దొర ముందు నిలబడినవాడి అరచేతిలో పట్టిన చెమట, శరీరానికి సంబంధించినంతవరకు ఒకటే. ఆ చెమటను మీరు అతనికి అప్పుగా ఇవ్వవచ్చు. రష్యాలో నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తన నటులకు నేర్పిన పద్ధతులలో ఇది ఒకటి: పాత్రకు కావలసిన భావాన్ని నటుడు తన జ్ఞాపకంలో నుంచి, తన జీవితంలోని వేరే సందర్భం నుంచి తెచ్చుకోవాలి. కథకుడూ చేసేది అదే.

అయితే ఒక హద్దు ఉంది, దీనిని పాటించని కథలు నాకు వారానికి రెండైనా వస్తాయి. భావాన్ని అప్పు ఇవ్వవచ్చు, పని తెలియకుండా పనివాడిని రాయకూడదు. మీటింగు వల్ల మధ్యాహ్నం భోజనం తప్పిన రోజున మీకు వేసిన ఆకలిని తీసుకుపోయి వలస కూలీకి ఇస్తే, ఆకలి నిజమే అవుతుంది గానీ మనిషి అబద్ధమవుతాడు. అతని కూలి ఎంత, మేస్త్రీ దగ్గర ముందుగా ఎంత తీసుకున్నాడు, పిల్లను ఎవరి దగ్గర వదిలి వచ్చాడు అన్నవి మీ గుండెలో దొరకవు. వెళ్ళి అడగాలి, కూర్చొని వినాలి. అందుకు వీలు లేనప్పుడు క్యాలెండరు కథనే రాయండి.

ఊరి జ్ఞాపకాల మాట: నెమరువేయడం తప్పు కాదు. మీ జ్ఞాపకంలో ఊరు ఆగిపోయిన సంవత్సరం ఏదో మీకు తెలిసి ఉండాలి, అంతే. పద్నాలుగేళ్ళ కిందటి ఊరిని ఈనాటి ఊరని రాస్తే అక్కడ ఉన్నవారు నవ్వుతారు.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రాత్రి డ్యూటీలు చేస్తాను. రోగులు తెల్లవారుజామున ఎవరికీ చెప్పని విషయాలు నాకు చెబుతారు. వాటిని కథలుగా రాయవచ్చునా? ఒక రాత్రి, నాకు బాగా చేరువైన ఒక ముసలమ్మ పోయినప్పుడు పక్కగదిలోకి వెళ్ళి ఎందుకో నవ్వాను. అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రోగి మిమ్మల్ని నమ్మి చెప్పినది మీకు ముడిసరుకు కాదు. కేస్ షీటులో ఉన్న ఏ వివరమూ, పేరు మార్చి అయినా సరే, కథలోకి రాకూడదు. నిజాం కాలంలో జైలుకు పోయిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు అక్కడ చూసిన తోటి ఖైదీల జీవితాలను కథలుగా మలిచారు కదా అని మీరు అడగవచ్చు. ఆయన వారితో పాటు అదే గోడల మధ్య ఖైదీగా ఉన్నారు. మీరు మంచం పక్కన నిలబడి ఉన్నారు, రోగి మంచం మీద ఉన్నాడు, లేచిపోలేడు. ఆ తేడాను మరచిపోకూడదు.

మీరు రాయగలిగినవి వేరే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకు వార్డులో ఏ చప్పుడు వినిపిస్తుంది, సెలైను సీసా మార్చేటప్పుడు మీరు ఎవరి ముఖం వైపు చూడరు, డ్యూటీ దిగి బస్సు ఎక్కాక చేతులు ఏ వాసన వేస్తాయి. అన్నింటికంటే ముందు ఆ రాత్రి పక్కగదిలో నవ్విన నవ్వు ఉంది. ముసలమ్మ గురించి ఒక్క వివరమూ ఇవ్వకుండా, గదిలోకి వెళ్ళడం, నవ్వు రావడం, ఎవరైనా వింటారేమోనని కుళాయి తిప్పడం, అలాంటిది ఏదైనా జరిగి ఉంటే అది, రెండు పేజీలలో రాసి పంపండి. ఎందుకు నవ్వారో మాత్రం రాయకండి.